మాట్లాడుతుండగా కొలిచిన చెవి

మా సార్ పోయారు. మొన్న బుధవారం పొద్దున నేను సెంటర్ షట్టర్ తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. తెర మీద సార్ పేరే ఉంది. రోజూ అనేటట్టే "వచ్చేసిన సార్, తెరుస్తున్న" అన్నాను. అవతల ఉన్నది సార్ కాదు, ఆయన భార్య. సెంటర్లో చదివినవాళ్లమంతా ఆమెను అమ్మీ అనే పిలుస్తాం. "మీ సార్ మనకు లేకుండ పోయిండు బిడ్డా" అన్నది. తెల్లవారి నమాజుకు లేచి, కాళ్లు చేతులు కడుక్కుని, ఛాతీలో బరువుగా ఉందని కుర్చీలో కూర్చున్నారట. దవాఖానాకు తీసుకుపోవడానికి ఆటో వచ్చేలోపే అంతా అయిపోయింది.

షట్టర్ సగం లేచి అలాగే ఉండిపోయింది. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్న విద్యార్థులు నా మొహం చూసి ఆగిపోయారు. సంగతి చెప్పాను. కొత్త బ్యాచ్ వాళ్లు, సార్‌ను ఇంకా సరిగా ఎరగనివాళ్లు. విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుని ఒక్కొక్కరే దిగి వెళ్లారు. నేను లోపలికి వెళ్లి సార్ టేబుల్ మీదున్న నిన్నటి చాయ్ గ్లాసు కడిగి బోర్లించాను. ఎందుకు కడిగానో నాకే తెలియదు. తన గ్లాసు ఆయన ఎప్పుడూ ఎవరి చేతా కడిగించలేదు.

ఆయన గురించి పేపర్లో ఫొటో రాదు. ఖమ్మంలో వైరా రోడ్డు పక్కన, సిమెంటు దుకాణం పైనున్న హాలులో, డిప్లొమా చదివిన పిల్లలకు కంప్యూటర్ మీద డిజైన్ నేర్పిన మనిషి, అంతే. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని, తర్వాత ఆయన పక్కనే కూర్చుని నేర్పినదాన్ని కాబట్టి, ఆయన ఎలాంటివారో నాలుగు మాటలు చెప్పకపోతే నాకు మనసు నిలవడం లేదు.

అందుకు ముందు మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. ఏ వస్తువైనా తయారయ్యే ముందు దాని ఆకారాన్ని కంప్యూటర్లో కట్టాలి. నీళ్ల ట్యాంకు మూతైనా, బండి హెడ్‌లైటైనా అంతే. ఆ ఆకారపు పైపొరను సర్ఫేస్ అంటాం. ఒక పొర ఇక్కడ ఆగిపోతుంది, ఇంకొకటి అక్కడ మొదలవుతుంది, మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మీద మూడో పొర పరిచి ఈ అంచునూ ఆ అంచునూ కలపాలి. దానికొక బటన్ ఉంది. నొక్కితే సాఫ్ట్‌వేర్ తానే వంతెన వేసి పెడుతుంది. ఇంత సులువైన దానికి చదువెందుకని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఆ బటన్ నొక్కే ముందు ఏం చూసుకోవాలో చెప్పడానికే మా సార్ జీవితంలో సగం ఖర్చయింది.

నేను ముదిగొండ నుంచి రోజూ బస్సులో వచ్చి నేర్చుకున్న రోజుల్లో, మొదటిసారి నేను వేసిన వంతెన మెలికలు తిరిగి తాడులా తయారైంది. సార్ వెనక నుంచి వంగి చూసి, "ఏందమ్మా ఇది, తువ్వాల పిండినవా?" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు ముక్కు మీద కోపం. "మీరు చెప్పిన బటనే నొక్కిన సార్, నాదేం తప్పు?" అన్నాను. ఆయన కోప్పడలేదు. నన్నూ, నా పక్కనున్న అమ్మాయినీ లేపి, హాలుకు ఆ కొసన ఒకరిని ఈ కొసన ఒకరిని నిలబెట్టారు. కళ్లు మూసుకుని చేతులు చాపి నడిచొచ్చి చెయ్యి కలపమన్నారు. నా చెయ్యి పోయి ఆ అమ్మాయి మోచేతికి తగిలింది. ఆమె చెయ్యి నా చెవికి తగిలింది.

"మధ్యల ఉన్న జాగ మీద కోపం ఎందుకు బిడ్డా?" అన్నారు సార్. "ఈమె ఎటు వస్తుందో నువ్వు చూడలే, నువ్వు ఎటు పోతున్నవో ఈమె చూడలే. రెండు అంచులు ఎటు దిక్కు పోతున్నయో ముందుగాల చూడు. గప్పుడు నొక్కు."

ఈ బుద్ధి ఆయనకు ఇంట్లోంచే వచ్చింది. వాళ్ల నాన్నది పాత బజారులో రేకుల పని. గరాటాలు, డబ్బాలు, బియ్యం పీపాలు చేసేవారట. సార్ ఆ దుకాణంలోనే పెరిగారు. చదువుకుని, హైదరాబాద్‌లో బండ్ల విడిభాగాల కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, తండ్రికి చూపు తగ్గాక ఖమ్మం తిరిగొచ్చి ఈ సెంటర్ పెట్టారు. "మా అబ్బా అతుకేసినంక డబ్బల నీళ్లు పోసి ఎండల పెట్టేటోడు" అని చెప్పేవారు. "పొద్దుగూకే వరకు చుక్క కారకుంటేనే అమ్మేటోడు. కారిందా, కొనేటోని కండ్ల ముందే ఊడదీసేటోడు."

సార్‌కు కోపం రాదని కాదు, వచ్చేది. మా సాఫ్ట్‌వేర్‌లో ఎంత చిన్న ఖాళీని లెక్కలోకి తీసుకోవాలో మనమే అంకె ఇవ్వవచ్చు. ఆ అంకె పెంచితే ఉన్న ఖాళీని కూడా అది లేదనే చెబుతుంది, ఎర్ర గుర్తులన్నీ మాయమై తెర శుభ్రంగా కనిపిస్తుంది. ఈ చిట్కా ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు కనిపెట్టేవారు. అది చూస్తే సార్‌కు ఒళ్లు మండేది. "కండ్లు మూసుకుంటే గుంత పూడుతదా?" అని అడిగి, మొత్తం చెరిపేయించి మళ్లీ మొదట్నుంచి చేయించేవారు. మమ్మల్ని తెలుగులో తిట్టేవారు, కంప్యూటర్‌ను ఉర్దూలో తిట్టేవారు. షుగర్ ఉంది కాబట్టి చక్కెర లేని చాయ్ తాగి, అమ్మీకి తెలియకుండా పక్క దుకాణంలో బాలూషా తినేవారు. మూతికి అంటిన పాకం ప్రతిసారీ పట్టించేది.

ఇలాంటివి ఇంకా ఎన్నో చెప్పగలను. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక చెవి.

భద్రాచలంలో ఒక దవాఖానాలో పనిచేసే మా పాత విద్యార్థి ఒకరోజు ఒక ఆవిడను సార్ దగ్గరికి పంపాడు. పర్ణశాల దాటి ఇంకా లోపల, అడవి అంచునున్న ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచర్. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది తెలుగు కాదు, వాళ్ల కోయ భాష. ఎండాకాలంలో ఒక తెల్లవారి అత్తతో కలిసి ఇప్పపూలు ఏరడానికి పోతే, అవే పూల కోసం వచ్చిన ఎలుగుబంటి మీద పడింది. ప్రాణం దక్కింది. కుడి చెవి పోయింది. గాయం మానింది, వినికిడి కొంత మిగిలింది, కానీ చెవి ఉండాల్సిన చోట ముడతలు పడ్డ మచ్చ, చిన్న రంధ్రం మిగిలాయి.

ఆమె కొంగు తల మీదుగా లాక్కుని, కుర్చీ అంచున కూర్చుంది. కళ్లద్దాల కుడి కాడకు నల్ల దారం కట్టి ఉంది. ఆ దారం తల చుట్టూ తిరిగి జడలోకి పోయింది.

"అందానికి అడుగుతలేను సారూ" అంది చిన్న గొంతుతో. "అద్దాలు నిలవాలె. దారం కడితే పిల్లలు గుంజుతరు. మొన్న పప్పు గిన్నెల పడ్డయ్. పలక మీద రాయాలన్నా, పిల్లను తూకమేయాలన్నా ఒక చెయ్యి ఈటికే పోతుంది. అద్దాలు లేకుంటే ఫోన్ల అక్షరం కనపడదు. ఒక్క చేత్తోని ఎన్ని రోజులు చేస్త? గిట్లయితే కష్టం టీచరూ అని పైమేడం కూడ అన్నది."

సార్ అప్పటిదాకా పంపు మూతలు, ట్యాంకు అచ్చులు చేసినవారే, మనిషి శరీరం జోలికి పోలేదు. హైదరాబాద్‌లో సిలికాన్ రబ్బరుతో ఇలాంటివి పోసే ల్యాబ్ ఒకటుందని తెలుసు. అచ్చు మనం చేసిస్తే వాళ్లు చర్మం రంగు కలిపి పోసిస్తారు. "చేద్దాం టీచరమ్మా" అన్నారు. ఆ మాట అన్నాక ఎంత భయపడ్డారో ఆ సాయంత్రం నేనే చూశాను. తన చెవిని తానే తడుముకుంటూ హాలంతా తిరిగారు.

చేతిలో పట్టుకుని తిప్పే స్కానర్ ఒకటి కిరాయికి తెచ్చాం. టీచరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు గుడ్డతో కట్టి, "కదలొద్దమ్మా, మాట్లాడొద్దు, అసలు ఊపిరి కూడ మెల్లగ తీసుకో" అన్నాం. నేనూ అన్నాను, సార్ కూడా అన్నారు. ఆమె చెప్పినట్టే విన్నది. ఎడమ చెవి ఆకారం తీసుకుని, అద్దంలో బొమ్మలా తిప్పి కుడివైపు పెట్టాం. ఇక ఆ చెవికీ చెంపకూ మధ్య ఉన్న ఖాళీ. చెవి ఒక దిక్కుకు వంగుతుంది, మచ్చ ఇంకో దిక్కుకు ముడుచుకుంటుంది. ఆ రెండింటి మీద సార్ ఎంతసేపు కూర్చునేవారంటే నాకే విసుగొచ్చేది. అతుకు నునుపుగా ఉందో లేదో చూడటానికి మాకొక పరీక్ష ఉంది. సాఫ్ట్‌వేర్ ఆకారం మీద నలుపు తెలుపు చారలు పరుస్తుంది. అతుకు దగ్గర చార విరగకుండా సాగిపోతే పని బాగుందని అర్థం. చివరికి చెంప మీది చారలు చెవి మీదికి ఎక్కడా తెగకుండా పారాయి. సార్ కుర్చీలో వెనక్కి వాలి, "మా అబ్బా ఉంటే చూపించేటోన్ని" అన్నారు.

ల్యాబ్ నుంచి చెవి వచ్చింది. టీచరమ్మకు జిగురుతో పెట్టి, అద్దం చేతికిచ్చాం. అతుకు ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. ఆమె చాలాసేపు చూసుకుంది. నేను చప్పట్లు కొట్టాను. అది చూసి ఆమె నవ్వింది.

నవ్వగానే చెవి ముందరి అంచు లేచింది. గోరు దూరేంత సందు. నోరు మూయగానే మళ్లీ అతుక్కుపోయింది. ఆమెకు తెలిసింది. అద్దం పక్కన పెట్టి, పెదాలు బిగించి, "బాగుంది సారూ" అంది. కొంగు మళ్లీ తల మీదికి లాక్కుంది.

మీ చెవికి ముందు వేళ్లు పెట్టి నోరు తెరిచి చూడండి. దవడ ఎముక అక్కడ కదులుతుంది, దానితోపాటు చర్మం జరుగుతుంది. మా చారలు ఆ సంగతి చెప్పలేదు, ఎందుకంటే మేం కొలిచేటప్పుడు ఆమె నోరు తెరవలేదు.

సార్ అక్కడే నిలబడి ల్యాబ్‌కు ఫోన్ చేశారు. అవతలి మనిషి తేలిగ్గా, "పేషెంటుకే చెప్పండి సార్, నోరు జర తక్కువ తెరవమని. అలవాటైపోతది" అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది. టీచరమ్మ విన్నది. సార్ మొహం ఎర్రబడింది. "ఆమె అంగన్‌వాడీ టీచరయ్యా! పొద్దంత మాట్లాడుడే ఆమె పని. చెవి కోసం నోరు మూసుకొని కూసోవాల్నా?" అని అరిచారు. ఆయన అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదలు, అదే చివర.

తర్వాత కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"టీచరమ్మా, తప్పు నాది. మాట్లాడొద్దు, కదలొద్దు అని కొలిచిన. మాట్లాడని మనిషికి చెవి చేసిన. మీరు గట్ల ఉండరు కద."

"ఉంట సారూ, ఏం కాదు. అద్దాలు నిలుస్తున్నయ్ కద" అంది ఆమె, పెదాలు సరిగా కదపకుండానే.

"అవ్, నిలుస్తున్నయ్. అయినా ఎందుకుంటరు?" అన్నారు సార్.

ఈసారి మేమే వాళ్ల ఊరికి వెళ్లాం. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి పర్ణశాలకు పోయే భక్తుల మధ్య ఇరుక్కుని ఆటో, ఆ తర్వాత ఎర్రమట్టి దారిలో టీచరమ్మ వాళ్లాయన బండి. సార్ స్కానర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని గుంత వచ్చినప్పుడల్లా పసిపిల్లను పట్టుకున్నట్టు పైకెత్తారు. అంగన్‌వాడీ అంటే ఒక గది, ఒక వరండా. లోపల గుడ్లు ఉడుకుతున్నాయి. పిల్లలు మమ్మల్ని చూసి గోడకు అంటుకుపోయారు.

అక్కడ మాట్లాడిన టీచరమ్మ మాకు తెలిసిన మనిషి కాదు. ఖమ్మంలో ఆమె గొంతు పక్కనున్నవాళ్లకే వినపడేది. ఇక్కడ వాళ్ల భాషలో ఒక్క కేక వేసిందంటే వాగు దగ్గరున్న పిల్లలు పరుగెత్తుకొచ్చారు. తెలుగు మాట ఒకటి చెప్పి, దాన్నే ఇంటి భాషలో మళ్లీ చెప్పి, నోరారా నవ్వి, పాట ఎత్తుకుంది. ఆమె నోరు ఇంత పెద్దగా తెరుచుకుంటుందని మాకు తెలియదు. సార్ స్కానర్ బయటికి తీయనే లేదు. గోడకు ఆనుకుని చాలాసేపు ఆమెనే చూశారు. "మనం ఈమెను మన ఊర్ల, మన భాషల కొలిచినం" అన్నారు నాతో, మెల్లగా. "గందుకే తక్కువ వచ్చింది."

కదిలే మొహాన్ని మా స్కానర్ పట్టలేదు. అందుకని ఒక్కో మాట దగ్గర ఆగి, నోరు అలాగే నిలపాలి. టీచరమ్మ పాట మధ్యలో 'ఆ' దగ్గర ఆగింది. పిల్లలకు అది కొత్త ఆటలా తోచింది. వాళ్లూ నోళ్లు తెరిచి బొమ్మల్లా ఆగిపోయారు. సార్ ఆమె చుట్టూ స్కానర్ తిప్పుతుంటే, గదిలో ఇంతమంది నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంటే, నాకు నవ్వు ఆగలేదు. తర్వాత 'ఈ', తర్వాత కేక, తర్వాత నమలడం. నవ్వు కోసం మేమేమీ చేయాల్సిన పని రాలేదు. ఒక పాప సార్ గడ్డం పట్టుకుని చూసింది, అంతే.

ఆ కొలతలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే, చర్మం ఎక్కడ జరుగుతుందో, ఎక్కడ నిలకడగా ఉంటుందో తేలింది. అతుకును నిలకడగా ఉన్న వెనక భాగానికి జరిపాం. ముందు వైపు మాత్రం పలుచని రెక్కలా సాగదీసి, కొంచెం వదులుగా ఉంచారు సార్, చర్మం జరిగితే దానితోపాటు జరిగేలా. పొయ్యి మీద పెట్టే రేకు గిన్నెకు వాళ్ల నాన్న వేడికి సాగడానికి కాస్త చోటు వదిలేవారట. అదీ చెప్పారు.

కానీ చారల పరీక్ష పెడితే చార విరిగింది. ఇన్నేళ్లు ఆయన మా చేత చెరిపించిన విరుపు అదే. నేనూరుకుంటానా? "సార్, చార తెగుతుంది. మాదైతే ఒప్పుకునేటోళ్లా?" అన్నాను.

"తెగనీ అమ్మా. ఆమె బతికేది ఈ తెర మీద కాదు" అన్నారు.

"మరి మాకు చెప్పిందంతా?"

"అది కదలని వస్తువులకు చెప్పిన. ఇది నాకు ఇప్పుడే తెలిసింది, రేపటి నుంచి గిది కూడ చెప్త."

రెండో చెవి వచ్చిన రోజు అమ్మీ కూడా సెంటర్‌కు వచ్చింది, డబ్బా నిండా సకినాలతో. టీచరమ్మ సకినాలు నమిలింది. ఆవలించింది, దగ్గింది. కిందున్న సిమెంటు దుకాణం వాళ్లు తలెత్తి చూసేలా వాళ్ల భాషలో కేక వేసింది. నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. అంచు చర్మంతోపాటు జరిగింది కానీ సందు ఇవ్వలేదు. కళ్లద్దాలు నిలిచాయి. సార్ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రేకు డబ్బాలోంచి నీటి చుక్క కారుతుందేమో చూస్తున్నట్టే ఆ అంచును చూస్తున్నారు.

అన్నీ అయ్యాక నా నోరు ఊరుకోదు కదా, "ఏడిస్తే ఎట్లుంటదో చూడలేదు సార్" అన్నాను.

సార్ నా వైపు చూశారు. "ఏడ్వమని ఎట్ల అడుగుతం బిడ్డా? గదొక్కటి చూడకుండనే పోనీయ్" అన్నారు. టీచరమ్మ ఆ మాటకు కూడా నవ్వింది. దారం విప్పి సంచిలో వేసుకుని బస్సెక్కింది. తర్వాత ఫోన్ చేసినప్పుడు ఆమె చెప్పింది ఒకటే, "రెండు చేతులు ఖాళీ అయినయ్ సారూ." ఆ మాట సార్ చాలా రోజులు అందరికీ చెప్పుకున్నారు, బాలూషా దుకాణం అతనికి కూడా.

అప్పటి నుంచి మా సెంటర్లో మొదటి క్లాసు మారిపోయింది. కంప్యూటర్ తెరవక ముందే ప్రతి ఒక్కరూ లేచి, చెవి ముందు వేళ్లు పెట్టుకుని, తన పేరూ ఊరి పేరూ గట్టిగా చెప్పాలి. కొందరు సిగ్గుపడతారు, కొందరు నవ్వుతారు. నేలకొండపల్లి అనే ఊరి పేరుకు దవడ ఎంత కదులుతుందో సార్‌కు సరదాగా ఉండేది, ఆ ఊరివాళ్ల చేత మళ్లీ చెప్పించేవారు. ఆ తర్వాత స్టీలు టిఫిన్ డబ్బా తీసి, అందులో దాచిన మొదటి చెవిని అందరి చేతికీ ఇచ్చేవారు. "ఎంత నునుపుగ ఉందో చూడుండ్రి. ఇది నేను చేసిన తప్పు" అనేవారు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఏనాడూ చిన్నతనం అనిపించలేదు. నేనైతే దాచుకునేదాన్ని.

మూడో రోజు, పోయినవారి కోసం ఇంట్లో ఖురాన్ చదివించే జియారత్‌కు వెళ్లాను. మగవాళ్లు ముందు గదిలో ఖురాన్ చదువుతున్నారు. లోపలి గదిలో చాప మీద ఆడవాళ్ల మధ్య అమ్మీ కూర్చుని ఉంది. ఏడవడం లేదు. వచ్చిన వాళ్లందరికీ ఆయన కుర్చీలో కూర్చున్న సంగతే చెబుతోంది, చాయ్ అడిగాడని, తాను పెట్టేలోపే అని. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ వాగే నోరు, అవసరం వచ్చినప్పుడు పనిచేయలేదు.

కాసేపటికి గుమ్మం దగ్గర అలికిడైంది. టీచరమ్మ. పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చింది. చెప్పులు విడిచి, ఎవరూ దారి చూపకుండానే నేరుగా అమ్మీ ముందుకొచ్చి కూలబడింది. "అమ్మీ" అని ఒక్క మాట తెలుగులో అంది. ఆ తర్వాత ఆమె నోట తెలుగు రాలేదు. వాళ్ల భాషలో, వాళ్ల ఊళ్లలో పోయినవాళ్ల కోసం ఎత్తుకునేట్టు, రాగం తీసి ఏడ్చింది. నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి ఏడ్చింది. మాటలు మాకెవరికీ తెలియవు. మధ్య మధ్య 'సారూ' అన్నదొక్కటే అర్థమైంది. ముందు గదిలో చదువుతున్న గొంతులు ఒక్క క్షణం తగ్గి, మళ్లీ సాగాయి. అప్పటిదాకా కన్నీరు పెట్టని అమ్మీ వెక్కి వెక్కి ఏడవసాగింది.

నా కళ్లు ఎక్కడికి పోయాయో చెబితే మీరేమనుకుంటారో. నీళ్లు నిండిన కళ్లతోనే ఆమె కుడి చెవి ముందరి అంచును చూశాను. అంతమందిలో, అలాంటి సమయంలో, ఆయన ఉంటే చూసినట్టే చూశాను. దవడ బిగుసుకుంటోంది, వణుకుతోంది, తెరుచుకుంటోంది. కన్నీళ్లు చెంప మీదుగా ఆ అంచు దాకా పారి, దాని మీదుగానే కిందికి జారుతున్నాయి. అంచు చర్మంతోపాటు కదులుతోంది. ఎక్కడా తెరుచుకోలేదు.

సార్, ఇది కూడా నిలిచింది. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించి, చెప్పడానికి ఆయన లేరని అప్పుడు తెలిసొచ్చి, బుధవారం నుంచి రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

టీచరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎడమ కాడ ఎడమ చెవికి, కుడి కాడ కుడి చెవికి తగిలించుకుంది, చూడకుండానే, అలవాటుగా. అద్దాలు నిలిచాయి. ఆమె ముందుకు జరిగి అమ్మీ చేతులను తన రెండు చేతులతో పట్టుకుంది.